ఆరు రోజులు దాచిన సత్తు పొట్లం: పిల్లలతో దసరా కానుకలు చేయించిన కేస్ స్టడీ

వనపర్తికి దగ్గర్లో ఒక పల్లెలో మా ఇంటి వసారాలో ట్యూషన్ చెప్తాను. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలు సాయంత్రం అయిదున్నరకు వచ్చి ఏడున్నరకు వెళ్ళిపోతారు. దసరా సెలవులొస్తే పుస్తకాలు మూసేసి వాళ్ళతో ఏదో ఒక చేతిపని చేయిస్తాను. 2023లో సత్తు, అంటే వేయించిన పల్లీలు బెల్లంతో పట్టిన తీపి పిండి, పొట్లాలు కట్టి ఇంటివాళ్ళకు కానుకగా చేయించాను, అది చెడిపోయింది. 2024లో అదే పని మళ్ళీ పెట్టుకున్నాం, ఈసారి నిలబడింది. మధ్యలో ఏం మారిందో ఇక్కడ రాస్తున్నాను. అంగన్‌వాడీ వాళ్ళకు, ప్రైమరీ టీచర్లకు, సెలవుల్లో పిల్లలతో ఏం చేయించాలో తోచని తల్లులకు పనికొస్తుందని నా ఆశ.

సత్తే ఎందుకు

మా పిల్లలకు బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లూ నోటికొచ్చు. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఆరో రోజు అలిగిన బతుకమ్మ, తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు, ఆఖరున సద్దులు. ఆ ఆఖరి రోజు చెరువు కట్ట మీద ఆడవాళ్ళు సత్తుపిండి ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటూ "ఇస్తినమ్మ వాయనం", "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకోవడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు. అంటే ఇచ్చిపుచ్చుకోవడం అనేది నేను కొత్తగా నేర్పాల్సింది కాదు. పండుగలోనే ఉంది. పిల్లలకు అందులో ఇప్పటిదాకా ఉన్న వాటా తినడం ఒక్కటే. చేసే వాటా, ఇచ్చే వాటా కూడా వాళ్ళకు ఇవ్వాలన్నది నా ఆలోచన.

రెండో కారణం పొయ్యి. సకినాలు, గరిజెలు అంటే కాగిన నూనె. ఇరవై మంది పిల్లలను పెట్టుకుని నూనె మూకుడు దగ్గర కూర్చునే ధైర్యం నాకు లేదు. సత్తుకు వేయించడం ఒక్కటే పొయ్యి పని, అది నేను చేసుకుంటాను. ఏరడం, పొట్టు తీయడం, చెరగడం, బెల్లం తురమడం, కొలవడం, కలపడం, పొట్లం కట్టడం, ఇవన్నీ పిల్లల చేతికి వచ్చే పనులే.

2023: ఏం జరిగింది

ఆ ఏడు ఇరవై ఒక్క మంది వచ్చారు. నానబియ్యం బతుకమ్మ నాడు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా ముగించాం. పల్లీలు వేయించాను, పిల్లలు అరచేతుల్లో నలిపి పొట్టు తీశారు, చాటలో చెరిగారు, బెల్లం వేసి మిక్సీ పట్టాను. తలా ఒక పొట్లం. చిన్న ప్లాస్టిక్ కవర్‌లో పోసి, మూతి ముడివేసి, దాన్ని పాత నోటుబుక్కు కాగితంతో చేసిన సంచిలో పెట్టి, సంచి మీద పువ్వు గీసి ఇంటికి పంపాను. పని తొందరగా అయిపోయిందని నాకు సంతోషం కూడా వేసింది.

అందులో ఐదో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. వాళ్ళ అమ్మానాన్న హైదరాబాద్‌లో బిల్డింగు పనికి పోతారు, వీడు అవ్వ దగ్గర ఉంటాడు. పాలమూరు పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు. ఆ పొట్లం వాడు ముట్టుకోలేదు. ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచాడు. అమ్మ దసరా ముందురోజు వస్తుంది, అప్పటిదాకా ఆరు రోజులు. ఈ దాచిన సంగతి నాకు తర్వాత తెలిసింది.

పండుగ మర్నాడు వాళ్ళ అవ్వ ఆ పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తిట్టడానికి కాదు, అడగడానికి. "టీచరమ్మా, గిది ఎందుకిట్లైంది? పోరడు ఒక్కటే ఏడుపు" అంది. ముడి విప్పి చూశాను. కవర్ లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలు. పిండి ముద్దలు ముద్దలుగా అతుక్కుపోయింది. ముడి కింద, గాలి ఆడని చోట, తెల్లగా నూగులా బూజు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనెసంచి వాసన.

ఎందుకు చెడింది

అవ్వ వెళ్ళిపోయాక మిగతా పిల్లలందరినీ పిలిచి అడిగాను. పదిహేడు మంది అదే రోజు తినేశారు. నలుగురు దాచారు. ఆ నలుగురిలో ముగ్గురివి చెడిపోయాయి. నాలుగో పొట్లం మాత్రం బాగుంది. గట్టిపడింది, సంచికి నూనె మరకలు పడ్డాయి, కానీ బూజు లేదు, వాసన లేదు. ఆ పిల్లను కూర్చోబెట్టి అడిగితే సంగతి బయటపడింది. వాళ్ళ చెల్లె కవర్ కావాలని మారాం చేస్తే ఇచ్చేసి, పిండిని ఉత్త కాగితం సంచిలో పోసి ఉట్టి మీద పెట్టిందట.

అప్పుడు నాకు అర్థమైంది. చేసిన తప్పులు ఒకటి కాదు, నాలుగు కలిసొచ్చాయి. పల్లీలు చల్లారకముందే మిక్సీ పట్టాను, పిండి గోరువెచ్చగా ఉండగానే కవర్‌లో పోసి ముడి వేయించాను. ఆ వేడికి లోపల ఆవిరి పుట్టి, రాత్రికి చల్లబడి నీరయింది. బెల్లం కొత్తది, మెత్తగా ఉంది. బెల్లం గాలిలోని తేమను లాక్కుంటుంది, వానాకాలం చివర్లో తేమకు కొదువ లేదు. ఇక పిల్లలు చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి కలిపారు. కడుక్కోమని పదిసార్లు చెప్పాను, తుడుచుకోమని ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఈ నాలుగింటికి మించి ఇంకోటి ఉంది, అదే అసలు తప్పు. ఆ పొట్లాన్ని ఎవరు, ఎప్పుడు తింటారు అన్నది నేను ఏ పిల్లనూ అడగలేదు. సత్తు చేసిన రోజో మర్నాడో తినే వస్తువు అని నా లెక్క. కానుక అనేసరికి పిల్లలకు అది దాచుకునే వస్తువైంది. ముఖ్యంగా ఇవ్వాల్సిన మనిషి ఊళ్ళో లేని పిల్లలకు. మా ట్యూషన్‌లో అలాంటి పిల్లలు ప్రతి ఏడూ నలుగురైదుగురు ఉంటారు.

2024: ముందు అడిగింది, తర్వాత చేసింది

2024లో అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ, 10న సద్దులు, 12న దసరా. సెలవులు మొదలైన రోజే పదహారు మంది పిల్లలను కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగాను. నీ కానుకలు ఎవరికి? వాళ్ళు ఎప్పుడు కలుస్తారు? వాళ్ళకు పళ్ళున్నాయా? మూడో ప్రశ్నకు పిల్లలు పడీ పడీ నవ్వారు గానీ, అది పనికొచ్చిన ప్రశ్న. అవ్వలకు, తాతలకు ఇవ్వాలన్నవాళ్ళు సగానికి పైనే.

జవాబులను బట్టి రెండు రకాలు పెట్టుకున్నాం. ఊళ్ళో వాళ్ళకు, సద్దుల నాడే చేతికిచ్చేవాళ్ళకు పల్లీ సత్తు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు, ఆలస్యంగా వచ్చేవాళ్ళకు పల్లీ నువ్వుల పట్టీ. ముదురు పాకంలో పడ్డ పల్లీ చాలా రోజులు ఆగుతుంది, ఎందుకంటే ఆ పాకంలో నీళ్ళు దాదాపు మిగలవు. తలా నాలుగు పొట్లాలు, మొత్తం అరవై నాలుగు. సత్తు నలభై, పట్టీ ఇరవై నాలుగు, ఒక్కోటి దాదాపు వంద గ్రాములు.

ఐదో తరగతి నుంచి ఆరుకు వచ్చిన ఆ పిల్లవాడు ఈసారి నాలుగూ పట్టీలే కావాలన్నాడు. సత్తు మీద వాడికి నమ్మకం పోయింది. అలా కుదరదు, ఒక్క సత్తు పొట్లమైనా చేయాల్సిందే అన్నాను. మూతి ముడుచుకున్నాడు.

ఎవరికైనా ఏదైనా పడదా అని ఇళ్ళకు కబురు పెట్టాను. ఒకమ్మ వచ్చి, మావాడికి పల్లీలు తింటే దద్దుర్లొస్తాయి అని చెప్పింది. 2023లోనూ ఆ పిల్లవాడు వచ్చాడు, అప్పుడు నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. వాడికి పెసర సత్తు పెట్టాం. పల్లీలు డబ్బాలోంచి తీయకముందే, కడిగి ఆరబెట్టిన వేరే మిక్సీ జార్‌లో పెసలు పట్టేసి, వాడి పొట్లాలు కట్టేసి, పల్లీలు పట్టే రోజుల్లో వాడిని కాగితం సంచుల మీద అచ్చులు వేసే పనికి పెట్టాను.

ఎర్ర పొడి అంటిన గింజలు

పల్లీలు పిల్లల ఇళ్ళ నుంచే తెప్పిద్దామనుకున్నాను. మా వైపు పల్లీ ఎక్కువగా యాసంగి పంట. దసరా రోజుల్లోనే విత్తనం పడుతుంది, కోత జనవరి, ఫిబ్రవరి నెలల్లో. కాబట్టి దసరాకు ఇళ్ళలో ఉండేవి పోయిన పంట గింజలు, లేదంటే ఈసారి విత్తడానికి తెచ్చిపెట్టుకున్న గింజలు. ఆ రెండో సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఒక పిల్ల డబ్బాడు గింజలు తెచ్చింది. చేతిలోకి తీసుకుంటే వేళ్ళకు ఎర్రటి పొడి అంటింది. "ఇవి ఎక్కడివి బిడ్డా?" అంటే, "మా నాయిన చేనుకు తెచ్చిన బుడ్డలు టీచర్, మూలకు సంచిల ఉండె" అంది. విత్తనశుద్ధి కోసం మందు పట్టించిన గింజలు అవి. తినేవి కావు, కడిగినా తినేవి కావు. ఆ డబ్బా మూతపెట్టి నేనే వాళ్ళింటికి తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చేతికిచ్చాను. సబ్బుతో అందరి చేతులూ కడిగించాను. మిగతా పిల్లలు తెచ్చినవి బాగానే కనిపించాయి. అయినా అన్నీ వెనక్కి పంపేసి, కిరాణా కొట్లో నాలుగు కిలోలు కొన్నాను. మా వైపు పల్లెల్లో దసరాకు ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు ఎవరైనా సరే, ఇళ్ళ నుంచి గింజలు తెమ్మని మాత్రం చెప్పకండి.

కొన్నవాటిని కూడా ఏరించాం. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, బూజు ఛాయ ఉన్నవి పక్కకు. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, వేయించినా అది పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరుగుతోంది. పిల్లలకు ఇదంతా చెప్పలేదు. "చెడ్డ గింజ ఒక్కటి దొరికితే ఒక చుక్క" అని పలక మీద పోటీ పెట్టాను. నాలుగో తరగతి పిల్ల నలభై ఒక్క చుక్కలతో గెలిచింది. అందులో సగం మంచి గింజలేనని నా అనుమానం, కానీ ఏరడంలో అతి జాగ్రత్తకు నేను అడ్డు చెప్పను.

మాయ కార్డులు

తినే పని మొదలుపెట్టడానికి ముందు రెండు రోజులు కాగితం పనే చేశాం. సంచులు పాత క్యాలెండర్ షీట్లతో చేశాం. నోటుబుక్కు కాగితం కన్నా మందం, నూనె త్వరగా పీల్చదు. మైదా ఉడికించిన బంకతో అతికించాం. బయట తెల్లటి వైపు ముదురు బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అచ్చులు వేశారు. బెండకాయ అడ్డకోత అయిదు రేకుల పువ్వులా పడుతుంది, తంగేడుపూల వరుసలాగే ఉంది. లేతకాయ అయితే అచ్చు నలిగిపోతుంది. చిన్నపిల్లలకు, అయిదారేళ్ళ వాళ్ళకు, ఈ ఒక్క పనే రోజంతా సరిపోయింది.

పెద్దపిల్లలకు పసుపు కార్డులు. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని మా ఊళ్ళో ప్రతి ఇంట్లో తెలుసు, దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు చేసేది అలాగే. దాన్నే ఇటు తిప్పాం. పావు గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి, ఇయర్‌బడ్ ముంచి తెల్లటి డ్రాయింగ్ షీటు ముక్క మీద రాయాలి. ఆరాక ఏమీ కనపడదు. ఆ కార్డుకు చిటికెడు పసుపు పొట్లం దారంతో కట్టి ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు ఆ పసుపు కొన్ని నీళ్ళలో కలిపి, దూదితో కార్డు మీద రుద్దితే, పసుపుపచ్చటి కాగితం మీద అక్షరాలు ఇటుకరంగులో లేస్తాయి. మీద నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపైపోతాయి.

సోడాతో ఇటుకరంగే వస్తుంది, సున్నంతో అయితే నెత్తురు రంగు. పిల్లలు సున్నమే కావాలన్నారు. నేను ఒప్పుకోలేదు. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పిల్లల వేళ్ళు కంట్లోకి వెళ్ళకుండా అరగంట ఉండవు. ఇంకో చిక్కు ఏమిటంటే, రాసింది ఆరిపోయాక పిల్లలకే ఎక్కడ ఏం రాశారో కనపడదు. ఒకడు ఒకే కార్డు మీద రెండుసార్లు రాశాడు, తడిపి చూస్తే అక్షరాల మీద అక్షరాలు. తర్వాత పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసి రాయించాను.

ఒక కార్డును మా ఇంటి అరుగు మీదే విప్పారు. ఒక పిల్ల వాళ్ళ తాతమ్మకు ఇచ్చింది. ఆమె పసుపు పొట్లం విప్పి నీళ్ళలో కలిపి కార్డు మీద పూసింది, లేత రంగులో "తాతమ్మ" అని లేచింది. కళ్ళు చికిలించి చూసింది, సరిగ్గా కనపడలేదు. తాంబూలం వేసుకునే ముసలమ్మ, వేలికి సున్నం ఉండనే ఉంది. ఆ వేలు తెచ్చి అక్షరాల పక్కన ఆనించింది. ఆనించిన చోట ఎర్రగా చుక్క భగ్గుమంది. తాతమ్మ వేలు వెనక్కి లాక్కుని, "ఓసినీ" అంది. తర్వాత కార్డు నిండా వేలిముద్రలే వేసింది. పిల్ల రాసిన అక్షరాలు కనపడకుండా పోయాయి, ఆ పిల్లకు కోపం వచ్చింది. ఆ కార్డు ఇప్పుడు వాళ్ళ ఇంట్లో అద్దం వెనక ఉంది. ఎండ తగిలే చోట పెట్టినవి నెల తిరక్కుండానే వెలిసిపోయాయి, పసుపు రంగు వెలుతురుకు ఆగదు.

పట్టీలు

అలిగిన బతుకమ్మ నాడు, అంటే 7వ తారీఖున, పట్టీలు చేశాం. ఆ రోజు ఊళ్ళో బతుకమ్మ ఆడరు, నైవేద్యమూ ఉండదు. పిల్లలు సాయంత్రం దాకా ఖాళీ. పాకం నేనొక్కదాన్నే పట్టాను, వంటింటి గడపకు అడ్డంగా బల్ల వేసి పిల్లలు అటే ఉండాలన్నాను. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. పట్టీకి పనికొచ్చే పాకం అంతకు నలభై యాభై డిగ్రీలు పైనుంటుంది, పైగా చర్మానికి అతుక్కుంటుంది. ఇంత చెప్పిన నేనే గరిటె జార్చి వేలు కాల్చుకున్నాను. కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టుకుని నిలబడ్డాను. ఒక పిల్ల పరుగెత్తి పేస్టు తెచ్చింది. కాలిన చోట పేస్టు, పసుపు పెట్టొద్దని ఆ నిలబడ్డప్పుడే పాఠం చెప్పాను, అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

పాకం పరీక్ష మాత్రం పిల్లలే చేశారు, బల్ల అవతల నుంచి. గిన్నెడు చల్లనీళ్ళలో నేను చుక్క వేసి అందిస్తాను. మొదటి చుక్క నీళ్ళలో కరిగిపోయింది. రెండోది మెత్తటి ఉండ అయింది, లడ్డూకు సరిపోతుంది, పట్టీకి చాలదు. మూడోదాన్ని పళ్ళెం అంచుకు కొడితే "టక్" మంది, విరిస్తే గాజులా విరిగింది. "టీచర్ అయింది, దించు!" అని పదహారు మంది ఒక్కసారి అరిచారు. కిలోన్నర గింజలు, మూడొంతులు పల్లీ, ఒక వంతు నువ్వులు. దానికి కిలో పైన కొంచెం బెల్లం. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, వెచ్చగా ఉండగానే నేను కత్తితో గాట్లు పెట్టాను. పూర్తిగా చల్లారాక పిల్లలు గాట్ల వెంబడి విరిచి, బటర్ పేపర్‌లో చుట్టారు.

చుట్టడానికి న్యూస్‌పేపర్ వాడనివ్వలేదు. అచ్చు సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రతా సంస్థ కూడా వద్దంటోంది. స్టేప్లర్ పిన్నులు కూడా వద్దన్నాను. ఒక పిన్ను తిండిలో పడితే పండుగ ఆసుపత్రిలో గడుస్తుంది. మొత్తం దారంతోనే కట్టాం.

సత్తు, రెండోసారి

వెన్నముద్దల బతుకమ్మ నాడు, 9న, సత్తు. బెల్లం ముందు వారమే కొని, తురిమి, పళ్ళెంలో పరిచి ఒక రోజంతా ఎండబెట్టాను. పల్లీలు వేయించి నూలుగుడ్డ మీద పోసి, ఫ్యాన్ కింద రెండు గంటలు వదిలేశాను. చల్లారాయా లేదా అన్నది పిల్లలు చెంపకు ఆనించి చూస్తారు. చేతికి చల్లగా అనిపించినా చెంపకు వెచ్చగా తగులుతుంది. ఇది నేను చెప్పింది కాదు, రెండో తరగతి పిల్ల కనిపెట్టింది.

మూడు గ్లాసుల పల్లీలకు రెండు గ్లాసుల బెల్లం తురుము. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే పల్లీ నూనె వదిలి ముద్దవుతుంది. పల్లీలు బరకగా పట్టాక, బెల్లం, యాలకుల పొడి పళ్ళెంలో వేసి పొడి చేతులతో కలిపారు. కడిగిన చేతులను తుడుచుకుని, తుడుచుకున్నాక ఫ్యాన్ కింద రెండు చేతులూ చాపి నిలబడాలి. పదిహేను మంది వరుసగా చేతులు చాపుకుని నిలబడితే దారిన పోయే వాళ్ళు ఆగి చూశారు.

ప్లాస్టిక్ కవర్ ఊసే లేదు. లోపల బటర్ పేపర్, బయట క్యాలెండర్ సంచి. పొట్లం మీద రెండు వరుసలు రాయించాను. చేసిన రోజు, ఏ రోజులోపు తినాలో. సత్తుకు మూడు రోజులు, పట్టీకి పదిహేను రోజులు. పట్టీ పొట్లాల మీద మూడో వరుస కూడా. "అయిదేళ్ళ లోపు పిల్లలకు పెట్టొద్దు", గొంతులో అడ్డుపడుతుందని. అవ్వలకు ఇచ్చే సత్తు పొట్లాల్లో కొన్నింటిని నెయ్యి వేసి ఉండలు కట్టి, ఎండుకొబ్బరి కుడుకలో పెట్టి, పైన మోదుగాకు కప్పి పుల్లతో గుచ్చాం. ఇది నాకు బాగా నచ్చింది. ఉండ తినేశాక గిన్నె కూడా తినొచ్చు. అవ్వలు గిన్నె తినలేక మనవళ్ళకు ఇచ్చేశారు, అదీ పిల్లలు ముందే లెక్కేసుకున్నారు.

ఫలితం

రెండు రకాల్లోనూ ఒక్కో పొట్లం ఎక్కువ చేసి మా ఇంట్లో ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టాను, ఆ పిల్లవాడు పెట్టినట్టే. మూడో రోజు, ఆరో రోజు, పదో రోజు విప్పి చూశాను. సత్తు ఆరో రోజుకు కూడా పొడిగానే ఉంది, పదో రోజుకు కొంచెం పాత వాసన. పట్టీ పదో రోజుకు కూడా విరిస్తే చప్పుడయింది. పిల్లల పొట్లాల్లో చెడిందన్న మాట ఒక్క ఇంటి నుంచి కూడా రాలేదు. రెండు పట్టీలు మాత్రం చీమల పాలయ్యాయి, కిటికీలో పెట్టారట. చీమల సంగతి పొట్లం మీద రాయలేదు, అది నా తప్పే.

ఖర్చు పన్నెండు వందల చిల్లర పడింది. సగం తల్లిదండ్రులు ఇచ్చారు, సగం నాది. కుడుకలే ఎక్కువ తిన్నాయి. వచ్చేసారి అవి ఎనిమిది చాలు.

సద్దుల నాడు చెరువు కట్ట మీద పొట్లాలు చేతులు మారాయి. "ఇస్తినమ్మ వాయనం" అని మగపిల్లలు కూడా గట్టిగా అంటుంటే ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఒక పొట్లం మా ఊరి బస్సు కండక్టర్‌కు పోయింది. అది ఆ ఆరో తరగతి పిల్లవాడు ఒప్పుకోక ఒప్పుకోక చేసిన ఒకే ఒక్క సత్తు పొట్లం. ఎందుకురా ఆయనకు అంటే, "మా అమ్మోల్లను తోల్కొచ్చేది గా బస్సే గద టీచర్" అన్నాడు.

11న సాయంత్రం బస్సుకు వాళ్ళ అమ్మ దిగింది. నేను అప్పుడు కొట్టు దగ్గరే ఉన్నాను. వాడు జేబులోంచి పట్టీ పొట్లం తీసి, నడిరోడ్డు మీదే ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సంచి కింద పెట్టి, బటర్ పేపర్ విప్పి, ముక్క కొరికింది. చప్పుడు నాకు వినపడింది. నమిలి, "బెల్లం జర ఎక్కువైంది గదరా" అంది.

వాడు నా వైపు చూపించి, "పాకం టీచర్ పట్టింది, నాకేం తెల్వదు" అన్నాడు.